ఆఫీసు ఐటీ డేటాతో సైబర్ హైజీన్: తరచుగా అడిగే ప్రశ్నలు

వంద నుంచి ఐదారొందల సిస్టమ్స్ ఉండే ఆఫీసుల్లో, హాస్పిటల్స్‌లో, కాలేజీల్లో ఐటీ చూస్కునేవాళ్ల కోసం ఇది. ఇలాంటి చోట్ల సెక్యూరిటీకి విడిగా టీం ఉండదు, ప్రింటర్ రిపేర్ దగ్గర్నుంచి సర్వర్ దాకా అన్నీ ఒకరిద్దరే చూస్తారు, వాళ్ల నుంచి ఎప్పుడూ ఇవే డౌట్లు వస్తుంటాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సైబర్ హైజీన్ అంటే ఏంటండీ, యాంటీవైరస్ వేస్తే సరిపోదా?

సరిపోదు. సైబర్ హైజీన్ అంటే రోజువారీ శుభ్రత. ఏయే మెషీన్లు ఉన్నాయో తెలిసుండటం, వాటికి అప్‌డేట్స్ పడటం, మానేసినవాళ్ల అకౌంట్లు మూసేయడం, అడ్మిన్ పాస్‌వర్డ్ పదిమంది చేతుల్లో లేకపోవడం, బ్యాకప్ తీసింది మళ్ళీ తెరుచుకోవడం, ఇవన్నీ దాని కిందకే వస్తాయి. యాంటీవైరస్ ఇందులో ఒక ముక్క మాత్రమే. సీఐఎస్ కంట్రోల్స్ అని ప్రపంచమంతా వాడే ఒక చెక్‌లిస్ట్ ఉంది, అందులో మొత్తం 18 అంశాలుంటే మొదటిది మెషీన్ల లెక్క, రెండోది సాఫ్ట్‌వేర్ లెక్క. ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఆ తర్వాతే వస్తాయి. ఈ వరుస ఊరికే పెట్టలేదు, ఏముందో తెలీకపోతే దేన్ని కాపాడాలో కూడా తెలీదు కదా.

నేనొక్కడినే ఐటీ, అనలిటిక్స్ (ఉన్న డేటాని పోల్చి చూసి తేడాలు పట్టుకోవడం) అంటే డేటా సైంటిస్టులు చెయ్యాల్సిన పని కదా?

కాదండి. ఎక్సెల్‌లో వీలుకప్ (ఒక లిస్టులోని పేరును ఇంకో లిస్టులో వెతికే ఫార్ములా), పివట్ టేబుల్ (డేటాని గుంపులుగా లెక్కగట్టే పట్టిక) వస్తే చాలు, ఈ పనిలో ముప్పాతిక భాగం అయిపోతుంది. మీ దగ్గర డేటా ఇప్పటికే ఉంది. యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు యూజర్ల, కంప్యూటర్ల అకౌంట్లు ఉండే విండోస్ వ్యవస్థ) ఉంది, అన్ని మెషీన్ల సంగతీ ఒకచోట చూపించే యాంటీవైరస్ కన్సోల్‌లో ఉంది, ఫైర్‌వాల్‌లో, హెచ్‌ఆర్ వాళ్ల శాలరీ షీట్‌లో, అకౌంట్స్ వాళ్ల పర్చేజ్ బిల్లుల్లో ఉంది. ఒక్కోదాన్ని విడిగా చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. రెండు లిస్టులు పక్కపక్కన పెట్టినప్పుడు ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని పేర్లు బయటపడతాయి చూడండి, ప్రమాదం ఉండేది అక్కడే. నన్నడిగితే ఈ మొత్తం సబ్జెక్టులో పట్టుకోవాల్సిన విషయం ఇదొక్కటే.

పెద్ద సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనాలా, సీమ్ (సిస్టమ్స్ రాసుకునే రికార్డుల్ని, అంటే లాగ్స్‌ని, ఒకచోట చూసి అలర్ట్స్ ఇచ్చేది) లాంటిది?

మొదట్లో అక్కర్లేదు. ఎక్సెల్‌లోనే పవర్ క్వెరీ ఉంటుంది, వారం వారం వచ్చే ఫైళ్లను అదే కలిపిపెడుతుంది. లాగ్స్ ఒకచోటికి తేవాలంటే వాజూ అనే టూల్ ఉంది, ఓపెన్ సోర్స్, లైసెన్స్ ఖర్చు లేదు, కాకపోతే సర్వరూ డిస్కూ దాన్ని చూస్కునే మనిషీ కావాలి. లక్షలు పోసి సీమ్ కొని, దాంట్లోంచి వచ్చే అలర్ట్స్ చూసే దిక్కు లేక వదిలేస్తే ఎక్కడి గొంగళి అక్కడే ఉంటుంది. ముందు లిస్టులు సరిచేసుకోండి, కొనుడు సంగతి తర్వాత.

## లిస్టులు పోగేసేటప్పుడు

మా దగ్గర ఎన్ని సిస్టమ్స్ ఉన్నాయో మాకే కరెక్ట్‌గా తెలీదు, ఎలా లెక్కపెట్టాలి?

ఒక్క చోట అడిగితే ఎప్పుడూ తప్పు లెక్కే వస్తుంది, అందుకే కనీసం నాలుగు చోట్ల నుంచి తీస్కోండి: యాక్టివ్ డైరెక్టరీలో కంప్యూటర్ అకౌంట్లు, యాంటీవైరస్ కన్సోల్ నుంచి దించిన లిస్టు, డీహెచ్‌సీపీ (మెషీన్లకి ఐపీ అడ్రస్‌లు పంచే సర్వీస్) ఐపీలు ఇచ్చిన లిస్టు, అకౌంట్స్ వాళ్ల దగ్గర ఉండే అసెట్ రిజిస్టర్. నాలుగూ ఒక వర్క్‌బుక్‌లో నాలుగు షీట్లుగా పెట్టి, అన్ని పేర్లూ కలిపి డూప్లికేట్స్ తీసేసి ఒక మాస్టర్ లిస్టు చెయ్యండి. తర్వాత ఒక్కో పేరు పక్కన ఇది ఏయే షీట్‌లో ఉంది అని నాలుగు కాలమ్స్ పెట్టండి. డీహెచ్‌సీపీలో ఉండి యాంటీవైరస్‌లో లేనివి ముందు చూడాలి, అవి మీ నెట్‌వర్క్‌లో తిరుగుతున్నాయి గానీ వాటిని కాపాడేది ఏదీ లేదు. రిజిస్టర్‌లో ఉండి ఎక్కడా కనపడనివి పోయిన లాప్‌టాప్‌లైనా, స్టోర్ రూంలో మూలన పడినవైనా అయ్యుంటాయి.

ఒక జాగ్రత్త. ఫోన్లను మ్యాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్‌లో పరికరానికి ఉండే గుర్తింపు నంబర్) లెక్కపెట్టకండి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తాయి కాబట్టి లెక్క మాటిమాటికీ మారిపోతుంది. లాప్‌టాప్‌ల డాకింగ్ స్టేషన్లతో ఇంకో తిప్పలు, ఒకే డాక్‌ని ముగ్గురు వాడితే ముగ్గురూ ఒకే మ్యాక్‌తో కనిపించొచ్చు.

పేర్లు మ్యాచ్ అవ్వట్లేదు, వీలుకప్ పెడితే సగం ఎర్రర్లే వస్తున్నాయి

అందరికీ వచ్చేదే. ఒక లిస్టులో పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఇంకోదాంట్లో వెనక డొమైన్ పేరు తగిలించి ఉంటుంది, మూడోదాంట్లో చివర కనపడని స్పేస్ ఉంటుంది. ట్రిమ్, అప్పర్ ఫార్ములాలు పెట్టి, మొదటి చుక్క తర్వాత ఉన్నదంతా కోసేస్తే చాలావరకు కుదురుతుంది. ఎక్సెల్ పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు గానీ పవర్ క్వెరీ పట్టించుకుంటుంది, అక్కడ తప్పకుండా అన్నీ ఒకే తీరుకు మార్చుకోండి.

పేరు కంటే సీరియల్ నంబర్ నమ్మకమైనది, బ్రాండెడ్ మెషీన్లయితే దాంతోనే కలపండి. కానీ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పార్టులు కొని అసెంబుల్ చేయించిన పీసీలు ఉంటే సీరియల్ కాలమ్ ఒకసారి సార్ట్ చేసి చూడండి. చాలావాటిలో నంబర్ బదులు "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అనో "డిఫాల్ట్ స్ట్రింగ్" అనో ఉంటుంది, అంటే మదర్‌బోర్డులో ఆ గడి ఎవరూ నింపలేదన్నమాట. ఈ ఒక్క వాక్యం కింద మీ 40 పీసీలు కలిసిపోయి ఒకే పీసీగా లెక్కలోకి వచ్చేస్తాయి, డూప్లికేట్స్ తీసేస్తే 39 మాయం. వాటికి మీరే స్టిక్కర్ నంబర్ ఇచ్చి ఆ నంబర్‌నే కంప్యూటర్ పేరుగా పెట్టేయడం మంచిది.

యాంటీవైరస్ కన్సోల్ 100 శాతం గ్రీన్ చూపిస్తోంది కదా, ఇంకేం కావాలి?

ఆ 100 శాతం దేంట్లో అనేది అడగాలి. కన్సోల్‌కి తను ఇన్‌స్టాల్ అయిన మెషీన్లే తెలుసు, ఇన్‌స్టాల్ కాని మెషీన్ దాని లెక్కలోకే రాదు. కన్సోల్‌లో 210 ఉండి 210 గ్రీన్ అనుకోండి, మీ అసలు మెషీన్లు 260 అయితే మీ కవరేజ్ 81 శాతమే. పైగా చాలా కన్సోల్స్ కొన్నాళ్లు కాంటాక్ట్‌లోకి రాని మెషీన్లను లిస్టులోంచి వాటంతటవే తీసేస్తాయి, అంటే ఒక మెషీన్ పాడైతే శాతం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. అందుకే శాతం కట్టేటప్పుడు మొత్తంగా కింద పెట్టే సంఖ్య ఎప్పుడూ మీ మాస్టర్ లిస్టు నుంచే రావాలి, ఏ టూల్ చెప్పిన సంఖ్యా పెట్టకూడదు.

లాగ్స్ ఎన్నాళ్లు ఉంచాలి, డిస్క్ నిండిపోతోంది

సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్స్ భద్రంగా ఉంచాలి. అన్ని సిస్టమ్స్ టైమ్ కూడా ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో, లేదా వాటితో సరిపోలే సర్వర్లతో కలిపి ఉంచాలి. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు. ఫైర్‌వాల్ గడియారం ఏడు నిమిషాలు వెనక ఉంటే ఏ లాగిన్ తర్వాత ఏ ఫైల్ బయటికి వెళ్లిందో చెప్పలేం, డేటా అంతా ఉండి కూడా దాంతో ఏమీ చెయ్యలేని పరిస్థితి వస్తుంది. విండోస్‌లో సెక్యూరిటీ లాగ్ సైజు డిఫాల్ట్‌గా చిన్నదే, నిండగానే పాతవాటి మీద కొత్తవి రాసేస్తుంది, బిజీగా ఉండే డొమైన్ కంట్రోలర్‌లో (అందరి లాగిన్లూ సరిచూసే సర్వర్) అది చాలా తొందరగా జరిగిపోతుంది. లాగ్స్‌ని వేరే సర్వర్‌కి పంపి కంప్రెస్ చేస్తే టెక్స్ట్ కాబట్టి బాగానే తగ్గుతాయి.

ఇదంతా ఉద్యోగుల మీద నిఘా పెట్టినట్టు కాదా?

ఎలా చేస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది. మెషీన్‌కి అప్‌డేట్ పడిందా, అకౌంట్ ఎప్పుడు లాగిన్ అయింది, ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ కోడ్ లాంటి రెండో రుజువు అడగడం) ఉందా అనేవి చాలు. ఎవరు ఏ సైట్ చూశారు, చాట్‌లో ఏం రాశారు అనేవి ఈ పనికి అసలు అవసరం లేదు, తియ్యకండి కూడా. ఏం డేటా తీస్తున్నాం, ఎందుకు తీస్తున్నాం, ఎన్నాళ్లు ఉంచుతాం అనేది ఒక పేజీలో రాసి స్టాఫ్ అందరికీ ఇచ్చేయండి. మన దేశంలో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లోనే వచ్చింది, కానీ చట్టం కోసమే అని కాదు, మనవాళ్లు మనల్ని నమ్మితేనే తేడా కనిపించినప్పుడు వచ్చి చెప్తారు.

## లెక్కలు కట్టేటప్పుడు

స్కాన్ చేస్తే వేలల్లో లోపాలు చూపిస్తోంది, ఏది ముందు సరిచెయ్యాలి?

స్కోరు ఎక్కువున్నదే ముందు అనుకుని సీవీఎస్ఎస్ (లోపం తీవ్రతకి పదికి ఇచ్చే స్కోరు) 9, 10 ఉన్నవన్నీ పట్టుకుంటే ఎప్పటికీ అవ్వదు. మూడు ప్రశ్నలు వేస్కోండి. మొదటిది, దీన్ని నిజంగా ఎవరైనా వాడి దాడి చేస్తున్నారా? దీనికి అమెరికా ప్రభుత్వ సంస్థ సీసా 2021 నవంబర్ నుంచి కెవ్ అనే లిస్టు ఉచితంగా ఇస్తోంది, ఫైల్ దించుకుని మీ స్కాన్ రిపోర్ట్‌లో సీవీఈ నంబర్‌తో (ఒక్కో లోపానికి ఇచ్చే గుర్తింపు నంబర్) కలిపేస్తే సరి. రెండోది, రాబోయే 30 రోజుల్లో వాడే అవకాశం ఎంత? దానికి ఫస్ట్ అనే సంస్థ రోజూ ఇచ్చే ఈపీఎస్ఎస్ స్కోరు ఉంది, అదీ ఉచితమే. మూడోది మీకే తెలుసు, ఆ మెషీన్ ఇంటర్నెట్‌కి నేరుగా కనిపిస్తోందా? ఈ మూడిట్లో రెండిటికి అవును అని వచ్చినవి ఈ వారమే చెయ్యాలి, మిగతావి మామూలు నెలవారీ ప్యాచింగ్‌లో (లోపాలు సరిచేసే అప్‌డేట్స్ వెయ్యడం) పోతాయి. వేలల్లో ఉన్నది ఇలా వడపోస్తే చేతిలో పట్టే లిస్టుగా తయారవుతుంది.

ఎందుకింత తొందర అంటే, వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) 2017 మే 12న మొదలైంది, దాన్ని ఆపే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చి 14నే ఇచ్చేసింది. రెండు నెలల టైమ్ ఉండి కూడా బ్రిటన్ హాస్పిటల్స్ దగ్గర్నుంచి మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్ల దాకా దెబ్బతిన్నాయి.

95 శాతం ప్యాచింగ్ అయిపోయిందని సార్‌కి చెప్పేశా, మంచి నంబరే కదా?

నంబర్ మంచిదే, కానీ మిగిలిన 5 శాతం ఎవరో చూడకుండా ఊపిరి పీల్చుకోకండి. చాలాచోట్ల ఆ 5 శాతంలోనే పాత సర్వర్లు, ముట్టుకుంటే ఆగిపోతుందని అందరూ భయపడే అప్లికేషన్ మెషీన్లు, ఎండీ గారి లాప్‌టాప్ ఉంటాయి. ప్రతి నెలా అవే మిగులుతుంటాయి. అందుకని శాతంతో పాటు వయసు కూడా చూపించండి, ప్యాచ్ వచ్చి ఎన్ని రోజులైంది అనే కాలమ్ పెట్టి పెద్దదాన్నుంచి చిన్నదానికి సార్ట్ చేస్తే పైన పది వరుసలే మీ అసలు రిపోర్ట్. సగటు కూడా నమ్మకండి, 200 మెషీన్లకి రెండు రోజుల్లో పడి ఐదింటికి సంవత్సరంగా పడకపోతే సగటు పది పదకొండు రోజులు అని చూపిస్తుంది, అది ఏ మెషీన్ సంగతీ సరిగ్గా చెప్పదు.

ఈక్విఫాక్స్ (జనాల అప్పుల రికార్డులు ఉంచే అమెరికా కంపెనీ) కథ తెలుసుకోవాలి ప్రతి అడ్మినూ. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ లోపానికి ప్యాచ్ వచ్చింది, కంపెనీలో ప్యాచ్ చెయ్యమని మెయిల్ కూడా వెళ్లింది, కానీ ఆ మెయిలింగ్ లిస్టు పాతది, చెయ్యాల్సినవాళ్లకి అందలేదు. తర్వాత స్కాన్ చేశారు, ఆ స్కాన్‌లో లోపమున్న సర్వర్ దొరకలేదు. మే నుంచి జూలై చివరిదాకా దొంగలు లోపలే ఉన్నారు, ట్రాఫిక్ చూడాల్సిన పరికరం సర్టిఫికెట్ గడువు దాటి నెలల తరబడి పనిచెయ్యకుండా ఉండిపోయింది, జూలై 29న దాన్ని మార్చాకే తేడా కనిపించింది. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. మెయిలింగ్ లిస్టు, సర్వర్ లిస్టు, సర్టిఫికెట్ గడువుల లిస్టు, ఈ మూడూ సరిగ్గా ఉండుంటే ఇంతదాకా వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

మానేసిన ఉద్యోగుల అకౌంట్లు ఎలా పట్టుకోవాలి?

హెచ్‌ఆర్ దగ్గర ఈ నెల జీతాల లిస్టు తీస్కోండి, యాక్టివ్ డైరెక్టరీలో ఎనేబుల్ అయి ఉన్న యూజర్ల లిస్టు తీస్కోండి, ఎంప్లాయీ నంబర్‌తో కలపండి. పేరుతో కలిపితే ఐదుగురు శ్రీనివాసులు, ముగ్గురు లక్ష్మిలు కలిసిపోతారు. ఓటర్ల లిస్టులో చనిపోయినవాళ్ల పేర్లు మిగిలినట్టు ఇక్కడ కూడా ఎప్పుడో మానేసినవాళ్లు మిగిలే ఉంటారు. జీతాల లిస్టులో లేకుండా అకౌంట్ ఉన్న ప్రతి పేరుకీ ఒక జవాబు రాయాలి: కాంట్రాక్టరా, ఆడిటరా, సర్వీస్ అకౌంటా (మనిషి కాకుండా సాఫ్ట్‌వేర్ వాడేది), లేక మానేసినవాళ్లా. సర్వీస్ అకౌంట్లకి బాధ్యుడి పేరు పక్కన లేకపోతే ఒప్పుకోకండి.

చివరి లాగిన్ తేదీ చూసేటప్పుడు ఒక మెలిక ఉంది. లాస్ట్ లాగాన్ టైమ్‌స్టాంప్ అనే ఫీల్డ్ ప్రతిసారీ అప్‌డేట్ అవ్వదు, డిఫాల్ట్‌గా 9 నుంచి 14 రోజులు వెనకబడి ఉండొచ్చు. కాబట్టి "పది రోజులుగా వాడట్లేదు" అనడానికి అది పనికిరాదు, 60 రోజులు, 90 రోజులు అయితే పనికొస్తుంది. దొరికినవాటిని వెంటనే డిలీట్ చెయ్యకండి, ముందు డిసేబుల్ చేసి నెల ఆగండి. వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి), క్లౌడ్ మెయిల్, టాలీ, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ యూజర్లను కూడా ఇదే పద్ధతిలో చూడాలి. 2021 మేలో అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయింది సరిగ్గా ఇలాంటి ఒక పాత వీపీఎన్ అకౌంట్ వల్లే, వాడకంలో లేదు, ఎంఎఫ్ఏ లేదు, మూసేసిన వాళ్లూ లేరు. దాడి చేసినవాళ్లకి కంపెనీ కట్టిన డబ్బు 44 లక్షల డాలర్ల దాకా ఉంది.

లాగిన్ ఫెయిల్యూర్స్ రోజూ వందల్లో ఉంటాయి, ఎప్పుడు కంగారు పడాలి?

విండోస్ లాగ్‌లో ఫెయిలైన లాగిన్‌కి ఈవెంట్ నంబర్ 4625, సక్సెస్ అయినదానికి 4624. మొత్తం సంఖ్య చూస్తే ఏమీ తెలీదు, పివట్ రెండు రకాలుగా తిప్పండి. యూజర్ వారీగా తిప్పితే ఒకే మనిషికి ఒకే మెషీన్ నుంచి వందల ఫెయిల్యూర్స్ కనిపిస్తాయి, అది సాధారణంగా పాస్‌వర్డ్ మార్చాక ఫోన్‌లోనో పాత షెడ్యూల్డ్ టాస్క్‌లోనో మిగిలిపోయిన పాత పాస్‌వర్డ్. ఐపీ వారీగా తిప్పినప్పుడు ఒకే ఐపీ నుంచి అరవై మంది పేర్ల మీద తలా ఒకటి రెండు ఫెయిల్యూర్స్ ఉన్నాయనుకోండి, అప్పుడు లేచి నిలబడాలి. అకౌంట్ లాక్ అవ్వకుండా అందరి మీదా ఒకే పాస్‌వర్డ్ ప్రయత్నిస్తున్నారన్నమాట. ఆ ఐపీ నుంచి తర్వాత 4624 ఒక్కటి వచ్చినా ఆ అకౌంట్ వాళ్ల చేతికి వెళ్లినట్టే లెక్క. రిమోట్ డెస్క్‌టాప్ కోసం లాగాన్ టైప్ (ఏ దారిలో లాగిన్ అయ్యారో చెప్పే నంబర్) 10 ఒక్కటే చూసి ఆగకండి, ఎన్ఎల్ఏ (స్క్రీన్ తెరుచుకోకముందే పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఫెయిలైనవి టైప్ 3 కింద పడతాయి.

ఇంకోటి, అటెండెన్స్ డేటా కలిపి చూడండి. సంక్రాంతికి నాలుగు రోజులు లీవ్ పెట్టి ఊరెళ్లిన అకౌంటెంట్ పేరు మీద ఆఫీసులోని డెస్క్‌టాప్ నుంచి లాగిన్ కనిపిస్తే సాధారణంగా రెండే కారణాలు, పాస్‌వర్డ్ ఎవరికో ఇచ్చి వెళ్లారు లేదా ఎవరో తీస్కున్నారు. రెండూ సరిచెయ్యాల్సినవే.

ఎంఎఫ్ఏ అందరికీ ఆన్ చేశాం, అయినా చూడాలా?

చూడాలి. ఆన్ చెయ్యడం, యూజర్ ఫోన్ రిజిస్టర్ చేసుకోవడం, లాగిన్‌లో నిజంగా అడగడం, ఈ మూడూ వేర్వేరు. సైన్ ఇన్ లాగ్ తీసి పాస్‌వర్డ్ ఒక్కదాంతోనే సక్సెస్ అయినవి ఫిల్టర్ చెయ్యండి. పాత మెయిల్ ప్రోటోకాల్స్, స్కానర్ నుంచి మెయిల్ పంపే అకౌంట్లు, మినహాయింపు ఇచ్చిన డైరెక్టర్లు అందులో బయటపడతారు.

బ్యాకప్ రోజూ సక్సెస్ అని మెయిల్ వస్తోంది, అంటే సేఫే కదా?

కాపీ తీసింది అన్నంతవరకే ఆ మెయిల్ అర్థం. ఏం కాపీ తీసింది అనేది సైజు చెప్తుంది. రోజూ బ్యాకప్ సైజు, పట్టిన టైమ్ ఒక షీట్‌లో రాసి గ్రాఫ్ గీయండి. రోజూ 12 జీబీ మారే చోట ఒక రోజు 300 జీబీ మారిందంటే ఎవరో పెద్ద ఫోల్డర్ కాపీ చేసైనా ఉండాలి, లేదా ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ అవుతుండైనా ఉండాలి. ఎన్‌క్రిప్ట్ అయిన ఫైళ్లు కంప్రెస్ కూడా అవ్వవు, అదీ గుర్తే. ఉన్నట్టుండి సైజు తగ్గితే ఏదో డ్రైవ్ బ్యాకప్‌లోంచి జారిపోయింది.

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో రాన్సమ్‌వేర్ పడి ఐదు సర్వర్లు, సుమారు 1.3 టీబీ డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యాయని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఓపీ రిజిస్ట్రేషన్ నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా రోజుల తరబడి కాగితం మీదే నడిచాయి. దెబ్బ తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టే డేటా తిరిగొచ్చింది. అలాంటి ఒకటి మీకుందా, అది మామూలు డొమైన్ పాస్‌వర్డ్‌తో తెరుచుకోకుండా ఉందా, నెలకోసారి ఒక ఫోల్డర్ రీస్టోర్ చేస్తే ఎంత టైమ్ పట్టింది, ఈ మూడూ రాసి పెట్టుకోండి.

## రోజూ నడిపేటప్పుడు

డాష్‌బోర్డ్‌లో ఎన్ని నంబర్లు పెట్టాలి, మేనేజ్‌మెంట్‌కి ఎలా చూపించాలి?

ఐదు చాలు. యాంటీవైరస్ లేని మెషీన్లు ఎన్ని, దాడుల్లో వాడుతున్న లోపం ఉండి ప్యాచ్ పడని మెషీన్లు ఎన్ని, మానేసినా తెరిచున్న అకౌంట్లు ఎన్ని, ఎంఎఫ్ఏ లేకుండా జరిగిన లాగిన్లు ఎన్ని, చివరిసారి రీస్టోర్ టెస్ట్ ఎప్పుడు. శాతాల బదులు సంఖ్యలు చూపించండి. "97 శాతం" అంటే తలూపి వెళ్లిపోతారు, "బిల్లింగ్ సర్వర్‌తో కలిపి 8 మెషీన్లు" అంటే ఆ సర్వర్‌కి డౌన్‌టైమ్ ఎప్పుడివ్వాలో వాళ్లే అడుగుతారు. వారానికోసారి, ఒకే రోజున తియ్యండి, పాత వారాలవి ఉంచండి.

మా ల్యాబ్ మెషీన్‌కి కట్టిన పీసీలో ఇంకా విండోస్ 10 ఉంది, మార్చడం కుదరదంటున్నారు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ ల్యాబ్ మెషీన్ కంపెనీ ఒప్పుకోకపోతే మీరు మార్చలేరు, అది నిజమే. అలాంటప్పుడు దాన్ని వేరే వీల్యాన్‌లో (మిగతావాటి నుంచి విడదీసిన నెట్‌వర్క్ భాగం) పెట్టి, ఇంటర్నెట్ తీసేసి, అది మాట్లాడాల్సిన ఒక్క సర్వర్‌కే దారి ఉంచండి. మినహాయింపుల షీట్‌లో మెషీన్, కారణం, ఒప్పుకున్న ఆఫీసర్, మళ్ళీ చూడాల్సిన తేదీ రాయండి. తేదీ లేని మినహాయింపు ఎప్పటికీ పోదు. ఫైర్‌వాల్ లాగ్‌లో ఆ పీసీ నుంచి వేరే ఎక్కడికైనా ట్రాఫిక్ కనిపిస్తే అలర్ట్ రావాలి, ఇంత తక్కువ మాట్లాడే మెషీన్‌కి అలర్ట్ రాయడం కూడా తేలికే.

లాగ్స్ ఏఐ చాట్‌బాట్‌లో పేస్ట్ చేసి అడగొచ్చా?

ఫార్ములా రాయించుకోవడానికి, ఒక ఈవెంట్ ఐడీ అర్థం అడగడానికి బాగా పనికొస్తుంది. అసలు లాగ్ మాత్రం పర్సనల్ అకౌంట్‌లో పేస్ట్ చెయ్యకండి, అందులో యూజర్ల పేర్లు, లోపలి ఐపీలు, సర్వర్ పేర్లు ఉంటాయి. పేర్లు మార్చి ఐదారు లైన్ల నమూనా ఇస్తే చాలు.

## తేడా కనిపించినప్పుడు

డేటాలో ఏదో అనుమానంగా ఉంది, మెషీన్ ఫార్మాట్ కొట్టేయమంటారా?

వద్దు, ఫార్మాట్ కొడితే ఎలా వచ్చారో తెలిసే దారి పోతుంది, వాళ్లు వచ్చిన తలుపు తెరిచే ఉంటుంది. నెట్‌వర్క్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, పవర్ మాత్రం ఉంచండి, మెమరీలో ఆధారాలు ఉంటాయి. ఆ మెషీన్‌వి, డొమైన్ కంట్రోలర్‌వి, ఫైర్‌వాల్‌వి లాగ్స్ వెంటనే వేరే డిస్క్‌కి కాపీ తియ్యండి. ఈవెంట్ 1102 కనిపిస్తే ఎవరో సెక్యూరిటీ లాగ్ చెరిపేశారని అర్థం, మీవాళ్లెవరూ చెయ్యకపోతే ఇక అనుమానం అక్కర్లేదు. 4720 కొత్త అకౌంట్ పుట్టిందని, 4732 ఎవరినో లోకల్ గ్రూపులో చేర్చారని, ఆ రెండూ అదే టైమ్ చుట్టుపక్కల వెతకండి.

సంగతి మీకు తెలిసిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కి రిపోర్ట్ చెయ్యాలి, పూర్తి వివరాలు లేకపోయినా ఉన్నంతవరకు పంపి మిగతావి తర్వాత ఇవ్వొచ్చు. డబ్బు పోయి ఉంటే అదే నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు బ్యాంకుల్లో ఆగే అవకాశం అంత ఎక్కువ. పక్కనే ఒకరిని కూర్చోబెట్టి ఏ టైమ్‌కి ఏం చేశామో రాయించండి, కేబుల్ ఎప్పుడు పీకారు, ఏ పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారు అన్నీ. పాస్‌వర్డ్స్ మార్చేటప్పుడు అడ్మిన్ అకౌంట్లతో మొదలుపెట్టండి, శుభ్రంగా ఉందని తెలిసిన మెషీన్ నుంచి మాత్రమే మార్చండి.